బొటనవేలు ఇచ్చిన ఐదు నక్షత్రాలు

కారు గట్టిదా కాదా అని తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే తతంగం నడుపుతోంది. కొత్త కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తీసుకుపోయి అడ్డుగోడకు గుద్దిస్తారు. ఇంకోదాన్ని నిలబెట్టి పక్కనుంచి 50 వేగంతో గుద్దుతారు. లోపల కూర్చోబెట్టిన బొమ్మలకు ఎక్కడెక్కడ ఎంత దెబ్బ తగిలిందో లెక్కగట్టి నక్షత్రాలు పంచుతారు. లక్షల రూపాయల బండి తుక్కు కిందికి పోతుంది. ఈ దుబారా ఎందుకో హన్మకొండ కారు మిత్రుల సంఘానికి ఎంతకీ అర్థం కాదు. ఇక్కడ ఇదే పని ఒక బొటనవేలితో అయిపోతుంది, కారుకు గీత కూడా పడదు.

పద్ధతి సులువే. షోరూములోకి వెళ్లగానే ముందు చక్రం పైన ఉండే రేకును బొటనవేలితో నొక్కాలి. లోపలికి పోతే అది డబ్బా. పోకపోతే బానెట్ మీద వేలి కణుపులతో రెండుసార్లు తట్టాలి. చివరగా డోరు తీసి వేయాలి. ‘టప్’ మంటే పెదవి విరవాలి. ‘ధబ్’ మంటే మాత్రం “అన్నా, ఇది బండి కాదే, ట్యాంకు” అని ప్రకటించాలి. అర నిమిషంలో నివేదిక చేతికొస్తుంది.

ఇంత పకడ్బందీ పరీక్షను తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ఆ రేకు మందం ఏ కంపెనీదైనా ఒక మిల్లీమీటరు కూడా ఉండదనీ, అది ఉన్నది బురదకూ వానకూ అడ్డం పడటానికేననీ వాళ్ల వాదన. ప్రాణం నిలబెట్టేవి చేతికి అందని చోట ఉంటాయట: ముందు అద్దం పక్కన ఉండే ఏ పిల్లరు, రెండు డోర్ల మధ్య బీ పిల్లరు, డోర్ల కింద పొడుగునా సాగే సిల్లు. ముందు భాగం నలగాలి, మనుషులు కూర్చున్న గది మాత్రం నలగకూడదు. ఎంత నలిగితే అంత దెబ్బను ఆ ఇనుమే మింగి, మనిషి దాకా తక్కువ రానిస్తుంది. అందుకని యాక్సిడెంటు ఫొటో వస్తే బానెట్ ఎంత ముడుచుకుపోయిందని కాదు, ఏ పిల్లరు వంగిందా, గుద్దిన తర్వాత కూడా డోరు మామూలుగా తెరుచుకుందా అని చూడాలట. ఇక ‘ధబ్’ చప్పుడు డోరు రబ్బరు బీడింగు, లాకు, లోపల అంటించిన మెత్తటి షీటు కలిసి చేసే కచేరీ. ఇవన్నీ పుస్తకం చదివినవాళ్ల మాటలు. బొటనవేలికి పుస్తకాలతో పని లేదు.

కారు కొనడమంటే ఒక్కడు చేసే పని కూడా కాదు. సంఘం మొత్తం కదలాలి. మైలేజీ చూసే అన్న ఒకరు, రీసేల్ చూసే అన్న ఒకరు, రంగు చూసే బామ్మర్ది ఒకరు, ఏమీ చూడకపోయినా ఏసీ ఫుల్లు పెట్టించే తమ్ముడు ఒకరు. ఐదుగురు ఎక్కి నున్నటి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పితే టెస్ట్ డ్రైవ్ పూర్తయినట్టే. రాత్రిపూట హెడ్‌లైటు ఎంత దూరం పడుతోంది, వెనక సీటు మధ్యలో కూర్చునేవాడికి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా లేక నడుముకు మాత్రమేనా, మనం తీసుకునే వేరియంట్లో బండి అదుపు తప్పి జారకుండా పట్టే ఈఎస్‌సీ ఉందా, నక్షత్రాలు వచ్చింది ఈ వేరియంట్‌కేనా? ఇవి అడిగితే సేల్స్ పిల్లగాడు ఇబ్బంది పడతాడని సంఘం పెద్దమనసుతో అడగదు. అడిగేది ఒక్కటే: “సన్‌రూఫ్ ఉన్నదా?”

ఓరుగల్లు మే నెలలో 44 డిగ్రీల ఎండ కాస్తుంది. అప్పుడు నెత్తిమీద గాజు కిటికీ ఎందుకని అడగకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగితే, మిగిలిన డబ్బు కిటికీకే పోయింది. దాంట్లోంచి పిల్లల్ని నిలబెట్టి నక్కలగుట్ట నుంచి కాజీపేట దాకా ఊరేగిస్తే వచ్చే తృప్తి వేరు. వెనక సీటు సందులో పిల్లల సీటు బిగించడానికి ఇచ్చిన రెండు ఐసోఫిక్స్ కొక్కేలకు కవర్లు కూడా ఊడవు.

బేరం దగ్గర సంఘం ప్రతాపం చూడాలి. ఫ్లోరు మ్యాట్లు ఉచితంగా ఇస్తారా చస్తారా అని గంటసేపు లొల్లి. చివరికి మ్యాట్లు గెలుస్తారు. అదే కొటేషన్లో హ్యాండ్లింగ్ చార్జీలు అని ఒక వరస, ఎసెన్షియల్ కిట్టు అని ఒక వరస, బయటికంటే ఎక్కువ ధర పడే ఇన్సూరెన్సు ఒక వరస దర్జాగా కూర్చుని ఉంటాయి. ఎక్స్ షోరూమ్, లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, పది లక్షలు దాటితే అమ్మేవాడే వసూలు చేసే ఒక శాతం పన్ను టీసీఎస్ వేరువేరుగా రాయించుకుని, మిగిలిన ప్రతి వరసకూ “ఇది దేనికి?” అని అడగాలి. ఇన్సూరెన్సు బయట తీసుకునే హక్కు కొనేవాడిదే. మూడేళ్ల థర్డ్ పార్టీ, ఏడాది సొంత డ్యామేజీ కలిపిన పాలసీకి రెండు చోట్ల ధర కనుక్కోవడానికి పది నిమిషాలు పట్టదు. కానీ మ్యాట్లు గెలిచిన మత్తులో పది నిమిషాలు ఎవరికి గుర్తుంటాయి?

బండిని యార్డులో పగటి వెలుతురులో, రిజిస్ట్రేషన్ నంబరు పడకముందే చూడాలనేది ఇంకో చాదస్తం. నంబరు పడ్డాక ఆ చాసిస్ మన పేరు మీద ఉన్నట్టే, మార్చమంటే ఎవరూ మార్చరు. చాసిస్ ప్లేటు మీద తయారైన నెల, ఏడాది చూడాలి. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు చదవాలి: 2325 అంటే 2025లో 23వ వారం. స్టెప్నీతో కలిపి ఐదింటికీ అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. మీటరు వంద కిలోమీటర్లు దాటితే ఎందుకు దాటిందో అడగాలి. సంఘం మాత్రం నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు సమానంగా ఉన్నాయా లేదా అన్నదే చూస్తుంది. భద్రకాళి గుడి ముందు పూజ అయ్యాక, 9999 కోసం ఆన్‌లైన్ వేలంలో పెట్టిన డబ్బుతో ఎన్ని సెట్ల టైర్లు వచ్చేవని లెక్కలు వేసేవాడిని దావత్‌కు పిలవరు.

ఇక్కడి నుంచి అసలు కథ. షోరూములో ఐదు నక్షత్రాలతో బయటికొచ్చిన కారును సంఘం అందరి ముందు ఒక్కో నక్షత్రమూ ఊడదీస్తుంది.

ముందు సీటు కవర్లు. పక్క ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో ముందు సీట్ల అంచులో, కుట్టు దగ్గర ఉంటాయి, ఆ కుట్టు చీల్చుకునే బయటికొస్తాయి. దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు బిర్రుగా లాగి కుడితే బ్యాగు రావాల్సిన దారి మూసుకుపోతుంది. సీటు అంచున ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న చీటీ ఉంటుంది, అది కనపడకుండా కవరు వేసినవాడే మంచి పనిమంతుడు. ఆ కుట్టుపనిలో వెనక బెల్టు బకిళ్లు సీటు కిందికి పోతాయి, మళ్లీ పైకి రావు. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు దేశమంతా వెనక బెల్టు గురించి మాట్లాడింది. బకిళ్లు కొన్నాళ్లు పైకొచ్చాయి. ఆ తర్వాత కవర్లు మళ్లీ బిగిశాయి.

తర్వాత ముందు బంపరుకు ఇనుప గార్డు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ దీన్ని కుదరదంది. గార్డును నేరుగా చాసిస్ పట్టీలకు బోల్టు వేస్తారు కాబట్టి, నలగాల్సిన భాగం నలగకముందే దెబ్బ లోపలికి చేరుతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సరు లెక్క తప్పుతుంది. అడ్డం వచ్చిన పాదచారికైతే బంపరు బదులు ఇనుప కడ్డీ తగులుతుంది. “గేదె వస్తే బండికేం కాదన్నా” అనేది సంఘం సమాధానం. నిజమే, బండికేం కాదు.

హెడ్‌లైట్ల సంగతి ఇంకా గొప్పది. హెచ్4 బల్బు 60/55 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. అక్కడ రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు) లేకుండా 100 వాట్ల బల్బు పెడితే అదే సన్న తీగలో 8 ఆంపియర్లకు పైగా నడుస్తుంది, కొన్నాళ్లకు హోల్డరు కరిగి, వాసన మొదలవుతుంది. ఎల్ఈడీ పెడితే వేడి బాధ తగ్గుతుంది కానీ, హెడ్‌లైటు లోపలి అద్దం పాత బల్బు ఫిలమెంటు ఉన్న చోటును బట్టి మలిచింది. వెలుగు పుట్టే చోటు కొంచెం మారినా లోబీమ్ నేల మీద పడకుండా ఎదురుగా వచ్చే ఆర్టీసీ డ్రైవరు కళ్లలో పడుతుంది. అతనికి రోడ్డు కనపడదు. మనవాడికి మాత్రం అతని ముఖం చక్కగా కనపడుతుంది.

అన్నిటికంటే చిన్నది, చవకైనది బెల్టు క్లిప్పు. బెల్టు పెట్టకపోతే మోగే గంటను ఆపడానికి బకిల్లో గుచ్చే ఇనుప నాలుక. ఎయిర్‌బ్యాగు సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతు కాలంలో ఉబ్బుతుంది. బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచుతుందని నమ్మి దాన్ని తయారు చేశారు. ఛాతీకీ స్టీరింగ్ మధ్యకూ కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. బెల్టు లేని మనిషి ముందుకు ఒరిగి, ఇంకా ఉబ్బుతున్న బ్యాగుకే ఎదురెళ్తాడు. వెనకవాడు బెల్టు పెట్టుకోకపోతే ముందు సీటువాడి వెన్ను మీదికి వచ్చి పడతాడు. ఎన్‌క్యాప్ బొమ్మలు అన్నీ బెల్టు పెట్టుకునే కూర్చుంటాయి. బొమ్మలకు ఫీలింగులు ఉండవు కదా.

ఇక్కడ సంఘాన్ని ఒక విషయంలో మనసారా మెచ్చుకోవాలి. అర్ధరాత్రి రెండింటికి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర బ్యాటరీ డౌనైందని గ్రూపులో పెడితే అరగంటలో మూడు కార్లు కేబుళ్లతో వాలిపోతాయి. డబ్బు అడగరు, తిట్టరు, టీ కూడా వాళ్లే తాగిస్తారు. కేబుల్ పద్ధతి ఒక్కటి సరిచేసుకుంటే చాలు: ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస చచ్చిన బండి ఇంజను మీద పెయింటు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర గ్యాసు ఉంటుంది, ఆఖరి కొస తగిలించినప్పుడే నిప్పురవ్వ వస్తుంది. తీసేటప్పుడు ఇదే వరస వెనక్కి. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఫ్యూజులతో ఆగితే అదృష్టం.

ఇంత ప్రేమ ఉన్న మనిషి, పక్క సీట్లో కూర్చున్న స్నేహితుణ్ని “బెల్టు పెట్టుకో” అనలేడు. “అంటే అన్న ఫీలైతడు.” రెండు గంటల రాత్రి లేచి రావడానికి మొహమాటం అడ్డు రాదు, రెండు మాటలు అనడానికి వస్తుంది. బెల్టు లేనందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా కట్టడానికి సంఘం చందా వేస్తుంది, బకిల్ చూపించడానికి మాత్రం ఒక్క చెయ్యి లేవదు.

ఆదివారం రామప్పకో లక్నవరానికో కాన్వాయ్. 163 నంబరు జాతీయ రహదారి మీద పది కార్లు హజార్డ్ లైట్లు వెలిగించుకుని ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతాయి. హజార్డ్ వెలుగుతుంటే కుడికి పోతున్నాడో ఎడమకు పోతున్నాడో వెనకవాడికి తెలియదు, అయినా ఊరేగింపు కళ వస్తుంది. ముందు కారువాడు వాకీటాకీలో “రా, రా, ఖాళీయే” అంటాడు. రెండేసి సెకన్ల ఎడంతో వస్తున్న నాలుగో కారు లారీని దాటడం మొదలుపెట్టేసరికి ఆరు సెకన్లు పోతాయి. ఎదురుగా 60 వేగంతో వచ్చే బస్సు ఆలోపు వంద మీటర్లు దగ్గరికొచ్చి ఉంటుంది. ‘ఖాళీ’ ముందు కారువాడికి నిజం, నాలుగోవాడికి పాత వార్త. వంద వేగంలో కాలు బ్రేకు మీదికి చేరేలోపే కారు 40 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి ఇంకో 50, 55. ఎంత ఫీచర్ల కారైనా ఈ లెక్క మారదు. 80 దాటగానే మీటరు బీప్ కొడుతుంది, 120 దాటితే ఆపకుండా కొడుతుంది. ఆ బీప్ ఎక్కడ పీకాలో తెలిసినవాడికి సంఘంలో శాస్త్రవేత్త హోదా ఉంది.

యాసంగి కోతలప్పుడు ఈ రోడ్లకు ఇంకో గుణం వస్తుంది. కొనుగోలు కేంద్రం వాళ్లు వడ్లలో తేమ 17 శాతం లోపు ఉండాలంటారు. కల్లం లేని రైతుకు తారురోడ్డే కల్లం. సగం రోడ్డు మీద వడ్లు, అంచున వరసగా రాళ్లు, రాత్రయితే కుప్ప మీద నల్ల టార్పాలిన్, నల్ల రోడ్డు. గింజల మీద టైరుకు పట్టుండదు, ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది. గింజల మీదికి ఎక్కకముందే వేగం తగ్గించి, స్టీరింగ్ తిప్పకుండా, బ్రేకు అదమకుండా దాటాలి. వడ్లు ఎత్తుకుపోయినా రాళ్లు అక్కడే ఉంటాయి. టెయిల్ లైటు లేని ఇసుక లారీ, పత్తి లోడుతో రోడ్డంతా పరుచుకున్న ట్రాక్టరు కూడా ఈ దారిలో మామూలే.

తిరుగు ప్రయాణంలో దావత్ ఉంటుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ప్రకారం తాగి నడిపినట్టే. సంఘం ప్రకారం బండి నడిపేది ‘తక్కువ తాగినోడు’. ఆ తక్కువను ఎన్నుకునేది ఎక్కువ తాగినవాళ్లు.

తర్వాత గ్రూపు ఎంత చురుగ్గా పని చేస్తుందో చూడాలి. ఏ చౌరస్తాలో పోలీసులు పైపు పట్టుకుని నిలబడ్డారో, ఏ సందులోంచి తప్పించుకోవచ్చో నిమిషాల్లో లొకేషన్‌తో సహా వచ్చేస్తుంది. ములుగు రోడ్డు మీద ఎన్నో కిలోమీటరు రాయి దగ్గర వడ్లు పోశారో, ఏ వంపులో లైట్లు లేని లారీ ఆగి ఉందో అదే గ్రూపులో ఎంత వెతికినా దొరకదు.