‘కేంద్రం డబ్బుతో కొన్న బండికి రిపేరు పద్దెందుకు?’ అనే మెసేజ్ గురించి

మొదట మా ఆఫీసు క్లీనరు పంపాడు. తర్వాత వాకింగ్ గ్రూపులో వచ్చింది. మా అల్లుడు పంపాడు. నిన్న రాత్రి అల్లుడి నాయన, అంటే మా వియ్యంకులవారు కూడా పంపి, కింద "ఆలోచించాల్సిన విషయం బావగారూ" అని ఒక దండం బొమ్మ పెట్టారు. ఆలోచించాను. వియ్యాలవారితో ఫోన్లో వాదన పెట్టుకునే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నా.

మెసేజ్ చూడనివాళ్ళు ఎవరైనా మిగిలుంటే వాళ్ళ కోసం సారాంశం. "కర్నూలు ప్రజలారా మేలుకోండి" అని మొదలవుతుంది. కార్పొరేషన్ చెత్త బండ్లు, ట్యాంకర్లు కేంద్రం గ్రాంటుతో వస్తాయి కాబట్టి మనకు పైసా ఖర్చు లేదు. అయినా బడ్జెట్లో మరమ్మతులకు పద్దు పెడుతున్నారు, అది తినడానికే, రద్దు చేయాలి. షెడ్డులో పడున్న పాత బండ్లు బాగు చేస్తే కొత్తవి కొనే పనే లేదు. కాంపాక్టరు (చెత్తను నొక్కి నింపుకునే పెద్ద లారీ) లీటరుకు రెండు కిలోమీటర్లే ఇస్తోంది, అంటే డీజిలు సగం దొంగల పాలు. పుల్లూరు టోల్‌గేటు అవతల తెలంగాణ బంకుల్లో కొట్టిస్తే కోట్లు మిగులుతాయి. అన్నీ కరెంటు బండ్లయితే ఖర్చు సున్నా. చెత్త పన్ను ఎలాగూ తీసేశారు, ఆటోల ఖర్చు కూడా పోయింది. చివర్లో, "నిజమైన కర్నూలోడివైతే పది మందికి పంపు."

నేను కార్పొరేషన్‌కు చుట్టాన్ని కాను, కాంట్రాక్టర్ని కాను. టిప్పర్లు, లారీలు నడిపే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను. బండి యజమానిని ఎట్లా తింటుందో రోజూ చూసేవాణ్ణి.

పుల్లూరు సంగతి ఒక్క ముక్కలో తేలుస్తా. లీటరుకు మిగిలే రూపాయో రెండో కోసం చెత్త లారీ తుంగభద్ర దాటి, హైవే ఎక్కి, మళ్ళీ ఊళ్ళోకి రావాలి. పోను రాను తాగే డీజిలు ఎవరిస్తారు సామీ, మెసేజ్ రాసినాయనా?

చెత్త పన్ను. 2021 అక్టోబరు 2న ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకుపోయే క్లాప్ ఆటోలు వచ్చాయి, వాటితో పాటు ఇంటింటికీ నెలనెలా వసూలు వచ్చింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ఆ పన్ను తీసేస్తున్నట్టు ప్రకటించారు. జనం సంతోషించారు, మా ఇంట్లో కూడా. పన్ను పోయింది గానీ చెత్త పోలేదు కదా. ఆ చెత్త మోసే బండి ఎవరిదైనా, దాని అద్దె, డ్రైవరు జీతం ఇంకో పద్దులోంచి రావాల్సిందే.

మైలేజీ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా పడుతున్నది ఇక్కడే. పొద్దున్నే లేచి బుధవారపేట వైపు పోయి కాంపాక్టరు పని చేసేటప్పుడు పక్కన నిలబడండి. డబ్బా దగ్గర బండి ఆగుతుంది, ఇంజను ఆగదు. పీటీవో, అంటే ఇంజను బలాన్ని పంపుకు మళ్ళించే గేరు, కలిపితే ఆ ఇంజనే హైడ్రాలిక్ పంపును తిప్పుతుంది. ఆ ఒత్తిడికి డబ్బా పైకి లేస్తుంది, బోర్లా పడుతుంది, వెనక ఇనుప పలక చెత్తను లోపలికి నొక్కుతుంది. ఇంత జరిగినా బండి అడుగు కదలదు, మీటరులో కిలోమీటరు పడదు. డీజిలు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. మీ ఇంటి పునాది తవ్వించినప్పుడు జేసీబీ వానికి కిలోమీటరుకు ఇచ్చారా, గంటకు ఇచ్చారా? అదే బండి చెత్త నింపుకుని గార్గేయపురం డంపింగు యార్డుకు పోయే రోడ్డు మీద మైలేజీ చూడండి, సందుల్లో చూడండి. రెండూ కలిపి భాగించి "సగం దొంగలు తిన్నారు" అనడం లెక్క కాదు, తిట్టు.

దొంగతనం లేదని నేను అనడం లేదు. మా ఆఫీసులోనే పట్టుకుంటుంటాం. అయితే పట్టుకునే పద్ధతి వేరే. కాంపాక్టరును కారుతో పోల్చకూడదు, పోయిన నెల అదే కాంపాక్టరుతో పోల్చాలి. అదే రూటు, అన్నే గంటలు, లీటర్లు పెరిగాయంటే డ్రైవర్ని పిలవాలి, లేదా మెకానిక్కును పిలవాలి. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు వైరు ఊడిపోయిన బండి కనపడితే అప్పుడు అరవండి, నేనూ వస్తా.

షెడ్డులో పడున్న బండ్లు చూస్తే నాకూ కడుపు మండుతుంది. కానీ వాటిలో 15 ఏళ్ళు దాటినవి బాగు చేసినా రోడ్డెక్కవు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. మున్సిపాలిటీలవి, ఆర్టీసీలవి కూడా అందులోకే వస్తాయి. వాటిని గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికి పంపాల్సిందే. ఇంజను ఎంత బాగున్నా సరే. మరి "బాగు చేసి నడపండి" అంటున్న పెద్దమనిషి, రిజిస్ట్రేషన్ లేని లారీ రాజ్‌విహార్ సెంటర్లో ఎవరినైనా గుద్దితే వచ్చి జామీను పడతాడా?

ఇక అసలు విషం. గ్రాంటుతో వచ్చింది కాబట్టి ఖర్చు లేదు, కాబట్టి మరమ్మతుల పద్దు తీసేయాలి.

15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంట్లనే తీసుకోండి. 10 లక్షల లోపు జనాభా ఉన్న మనలాంటి నగరాలకు అందులో 60 శాతాన్ని ఫలానా పనులకే వాడాలని ముడి పెట్టారు. సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు, కానీ జీతాలకు, సిబ్బంది ఖర్చులకు వాడకూడదన్నారు. అంటే బండి కేంద్రం డబ్బుతో వచ్చినా, స్టీరింగు ముందు కూర్చునే మనిషి జీతం మన ఇంటి పన్నులోంచే పోవాలి. దానమొచ్చిన బర్రె అయినా మన వామిలో గడ్డే తింటుంది.

ఎంత తింటుందో చూద్దాం. లెక్క కోసం కాంపాక్టరు ధర 40 లక్షలనుకోండి, పదేళ్ళు నడుస్తుందనుకోండి. రోజుకు 25 లీటర్లు, లీటరు సుమారు 100, ఏడాదికి 300 రోజులు. ఏడాదికి డీజిలే ఏడున్నర లక్షలు, పదేళ్ళకు 75 లక్షలు. జీతాలు, టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు ఇంకా కలపనే లేదు. 40 లక్షలు ఎవరో ఇచ్చారని సంబరపడి, దాని వెనక వచ్చే ఖర్చును సున్నా అనేవాళ్ళకు మా ఆఫీసులో అయితే పెన్ను కూడా ఇవ్వం.

ఇప్పుడు మరమ్మతులు ఆపారనుకోండి. చెత్త బండికి మామూలు లారీకి లేని శత్రువు ఒకటుంది, చెత్తలోంచి కారే నీళ్ళు. కూరగాయల కుళ్ళు, హోటళ్ళ పులుసు, ఉప్పు, పులుపు అన్నీ కలిసిన ఆ నల్లనీళ్ళు హాపర్, అంటే చెత్త పడే తొట్టి, అడుగు రేకును తొలిచేస్తాయి. రోజూ కడగాలి, ఏడాదికొకసారి రేకు చూసి అతుకు వేయించాలి, పిన్నులకు గ్రీజు కొట్టాలి. గ్రీజు పెట్టని పిన్ను తన చుట్టూ ఉండే లోహపు తొడుగును, అంటే బుష్షును తింటుంది. బుష్షు పోతే సిలిండరు మీద బరువు పక్కకు పడుతుంది, సీలు పోతుంది, ఆయిలు కారుతుంది. ఆయిలు తగ్గితే పంపు పోతుంది. గ్రీజు డబ్బాతో తీరే పని పంపు బిల్లు దాకా వస్తుంది. డబ్బు లేదంటే బండి షెడ్డుకు చేరుతుంది. అక్కడ తుప్పు పడుతుంటే ఫోటో తీసి, "చూడండి, బాగు చేయకుండా వదిలేశారు" అని మళ్ళీ ఇదే మెసేజ్ రాసినాయన పంపుతాడు!

బండి షెడ్డుకు పోయినంత మాత్రాన వీధిలో చెత్త ఆగదు. ట్రాక్టరు అద్దెకు తెస్తారు, రోజుకింత అని. ఆ అద్దె ఏ పద్దులో పడుతుంది? పారిశుధ్యం పద్దులో. మరమ్మతుల పద్దు చూస్తే మిగులు కనపడుతుంది. ఆ మిగులుకు చప్పట్లు కూడా కొడతారు.

లారీ ఓనరు ఎందుకు జాగ్రత్తగా ఉంటాడంటే వాని నెత్తిన ఫైనాన్స్ కంపెనీ ఉంది. నెలనెలా కిస్తీ కడుతూ బండి తరుగును తెలియకుండానే తీరుస్తుంటాడు. గ్రాంటు బండికి ఆ భయం లేదు. పుస్తకంలో తరుగుదల రాస్తారు, కానీ ఆ మేరకు డబ్బు పక్కన పెట్టమని పీక మీద కూర్చునేవాడు లేడు. అందుకే ఒకే గ్రాంటులో పది బండ్లు ఒకేసారి వస్తాయి, ఒకేసారి ముసలివవుతాయి, ఒకేసారి పదీ పోతాయి. ఏడాదికొకటి మార్చుకుంటూ పోయే ఏర్పాటు, దానికి విడిగా ఒక నిధి, మెసేజ్‌లో అడగాల్సింది ఇది. ఒక్క అక్షరం లేదు.

కరెంటు బండ్ల విషయంలో మాత్రం మెసేజ్ రాసినాయన సగం కరెక్టు. సందుల్లో తిరిగి మధ్యాహ్నానికి షెడ్డుకు చేరే చిన్న ఆటోకు బ్యాటరీ బాగా సరిపోతుంది. ఆగుతూ కదులుతూ పోయే పనిలో డీజిలు ఇంజనుకే నష్టం ఎక్కువ. జీఎస్టీ కూడా 5 శాతమే. సున్నా ఖర్చన్నది ఒట్టిమాట. మన ఎండలకు బ్యాటరీ ఎన్నేళ్ళు నిలబడుతుందో చూసుకుని, దాన్ని మార్చే డబ్బు మొదటి ఏడాది నుంచే కూడబెట్టాలి. కానీ ఆటోల వరకు నేనూ ఆయన పక్షమే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆయనకు అనుమానం రావడంలో తప్పు లేదు. బడ్జెట్ పుస్తకంలో "వాహనముల మరమ్మతులు" అని ఒక్క లైను, పక్కన ఒక పెద్ద అంకె ఉంటే ఎవరికైనా తినడానికే అనిపిస్తుంది. ఏ బండికి ఎంతయిందో పన్ను కట్టేవానికి చూపించకపోతే ఇట్లాంటి మెసేజ్‌లే పుడతాయి.

వియ్యంకులవారికి, మిగతా మిత్రులకు నా మనవి. పద్దు రద్దు చేయమనకండి, విడదీసి చూపించమనండి. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు. అందులో ఒక్కో బండి నంబరు వారీగా అడగండి: ఏ ఏడాది కొన్నారు, పోయిన ఏడాది ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు తాగింది, రిపేరు బిల్లు ఎంత, ఎన్ని రోజులు షెడ్డులో ఉంది, ఆ రోజుల్లో అద్దె బండికి ఎంత కట్టారు. వాకింగ్ గ్రూపులో అంతమంది ఉన్నారు కదా, తలా ఒక నంబరు పంచుకుంటే సరి. కాగితాలు వచ్చాక లెక్క వేసిపెట్టే పని నాది.