పసుపు పువ్వు శాస్త్రం

వృక్షశాస్త్రానికి ఇక పని లేదని తేలిపోయింది. భూతద్దాలు అటకెక్కించవచ్చు, ఎండుమొక్కల అట్టలు తూకానికి వేయవచ్చు. ఎందుకంటే మన కాలపు నిపుణుడు ఒక మహాసూత్రం కనిపెట్టాడు: ఆకుకు మూడేసి పత్రకాలు, పైన పసుపు పువ్వు ఉంటే అది అడవి కంది. దీనికి మినహాయింపులు లేవు. ఉంటే అవి మొక్క చేసిన తప్పులు.

ఆయన పని తీరు మీరూ చూసే ఉంటారు. కొండవాలులో ఒక తీగ ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఫోనును పువ్వు మొహానికి ఎంత దగ్గరగా తెస్తాడంటే, లోపల తేనె తాగుతున్న ఈగ మర్యాదగా లేచి వెళ్లిపోతుంది. వెనకాల ఉన్నదంతా మసకబారాలి, అదీ కళ. ఆ మసకలో పోయేవి ఏమిటంటారా? ఆకు అడుగు భాగం, కాడ మొదట్లో చిన్న రేకుల్లా ఉండే పత్రపుచ్ఛాలు, కాండం నేల మీద పాకుతున్నదా, దేనికైనా చుట్టుకున్నదా, నిటారుగా నిలిచిందా అన్న సంగతి. ఇంతలో ఒక ఎండుకాయ ఫ్రేములోకి తొంగిచూసి అందం చెడగొడుతుంది. దాన్ని వేలితో పక్కకు నెడతాడు. ఆ తాకిడికి కాయ టప్పున పగిలి మెలితిరుగుతుంది, గింజ ఎగిరి వచ్చి సరిగ్గా ఆయన మణికట్టు మీద పడుతుంది. గింజ బొడ్డు దగ్గర కండ పట్టిన చిన్న ఉబ్బు. పాపం, మొక్క తన వాంగ్మూలాన్ని స్వయంగా తెచ్చి చేతికిచ్చింది. ఆయన దులిపేసుకుంటాడు. చీమ అనుకున్నాడేమో. తర్వాత కొలత తెలియాలని పువ్వు వెనక బొటనవేలు ఉంచి మరో ఫోటో తీస్తాడు. ఆ వేలు ఎవరిదో పోల్చుకోవచ్చు. మొక్క ఏదో మాత్రం ఆ దేవుడికే తెలియాలి.

చిక్కుడు కుటుంబంలో సుమారు 19,500 జాతులున్నాయి. వాటిలో అత్యధిక భాగానికి పువ్వు నమూనా ఒకటే: పైకి లేచిన ధ్వజం, రెండు బాహువులు, కింద పడవలాంటి ద్రోణి. కేసరాలు పది, వాటిలో చాలాచోట్ల తొమ్మిది కలిసి, ఒకటి విడిగా. ఈ పువ్వును పైపైన చూసి జాతి పేరు చెప్పడమంటే కవాతులో యూనిఫాం చూసి కానిస్టేబుల్ ఇంటిపేరు చెప్పడమే.

మహాసూత్రం కింద అడవి కందులుగా ప్రమాణస్వీకారం చేసినవారి జాబితా పెద్దది. అందులో పిల్లిపెసర ఒకటి. దాని పత్రపుచ్ఛాలు అంచున కాక మధ్యలో అతుక్కుని ఉంటాయి, కాయ సన్నగా గుండ్రంగా ఉంటుంది. ఆకు తిప్పి చూస్తే కంది బంధువులకు ఉండే పసుపు జిగురు చుక్కలు దీనికి ఉండవు. తిప్పి చూడాలి, అదే కష్టం. మరొకటి రింకోసియా. ఇది గడుసుది, దీని ఆకు అడుగున ఆ చుక్కలూ ఉంటాయి. కానీ కాయ విప్పితే ఒకటో రెండో గింజలు, అంతే. కందుల ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, కజానస్‌లో సాధారణంగా మూడు, అంతకుమించి ఉంటాయి, గింజకూ గింజకూ మధ్య కాయ మీద అడ్డంగా నొక్కు కనిపిస్తుంది. రెండు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు, ఈ గుట్టు బయటపడుతుంది. నిపుణుడికి అంత తీరిక ఏది?

ఆయన దులిపేసిన ఆ ఉబ్బు సంగతీ వినండి. దాని పేరు స్ట్రోఫియోల్. 1834లో వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు అటైలోసియా అని వేరే ప్రజాతిని నెలకొల్పారు. పెంచే కందికి, ఆ అడవి మొక్కలకు మధ్య సరిహద్దు రాయిగా పండితులు చూపింది ముఖ్యంగా ఈ ఉబ్బునే. 1986లో వాన్ డెర్ మేసెన్ అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడు ఆ రాయి పెరికి అన్నింటినీ కజానస్‌లో కలిపి 32 జాతులుగా లెక్క తేల్చాడు. గింజ మీది అంత చిన్న కండ గురించి నూట యాభై ఏళ్ల వాదన! అదంతా ఈయన మూడు సెకన్లలో, గింజ మొహం చూడకుండానే తీర్చేస్తాడు.

ఇది ఫోటోల సరదాతో ఆగితే నవ్వి ఊరుకునేవాణ్ని. కానీ అదే కంటితో విత్తనాలు ఏరి, సంచి మీద "అడవి కంది" అని రాసి, కందితో సంకరం చేసి కొత్త రకాలు తీసే పరిశోధకులకు పంపేవాళ్లున్నారు. ఏ అడవి కంది? కజానస్‌లోని స్కరబయాయిడిస్ అనే జాతి అయితే పెంచే కందితో సంకరం కుదురుతుంది. అందులోదే ప్లాటికార్పస్ అనే జాతి అయితే మామూలుగా కుదరదు, పిండాన్ని బయటికి తీసి పరీక్షనాళికలో బతికించుకోవాలి. రింకోసియా అయితే ఆ పంట కాలమంతా గంగపాలే. స్కరబయాయిడిస్ కాయ మీది దట్టమైన నూగు శనగపచ్చ పురుగును అడ్డుకుంటుంది. మీ ఫోటోలో మసకబారింది ఆ నూగే, స్వామీ! 2010లో మధ్యప్రదేశ్‌లో సాగుకు విడుదలైన ఇక్రిశాట్ సంకర కంది ఐసీపీహెచ్ 2671కు పురుష వంధ్యత్వం, అంటే సంకర విత్తనం తీయడానికి పనికొచ్చే పుప్పొడి పనిచేయని గుణం, ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? కజానిఫోలియస్ అనే మరో అడవి జాతి కణద్రవ్యం నుంచి. అది బస్తర్, ఒడిశా వైపు కొండల్లో కొద్ది చోట్ల పెరిగే పొద, కందికి అత్యంత దగ్గరి చుట్టం. పైకి అచ్చం కందిలాగే ఉంటుంది, గింజ చూస్తే తప్ప తేడా చప్పున అందదు. అలాంటి పొదను పిచ్చి మొక్కని నరికేసేవాడికీ, పువ్వు ఫోటో తీసుకుని నోటికొచ్చిన పేరు పెట్టి పోయేవాడికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు. మొదటివాడు కనీసం నిపుణుణ్నని చెప్పుకోడు.

కాబట్టి అయ్యా, ఆకు తిప్పండి. కాయ విప్పండి. గింజ బొడ్డు చూడండి. కాయ రాకపోతే వచ్చేదాకా ఆగి మళ్లీ రండి. అంత ఓపిక లేదంటే ఫోటో కింద "మూడు పత్రకాల తీగ, పసుపు పువ్వు" అని రాయండి, అది నిజమేగా.