ఎడారిలో సెటిలైన మనోడు

అమెరికాలో మనవాళ్ళు ఏం సాధించినా పేపర్లో ఫొటో పడుద్ది కదా, స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లోడి నుంచి కంపెనీ సీఈఓ దాకా, మరి అరిజోనాలో కొండలకి కొండలే ఆక్రమించేసిన ఒక గడ్డి గురించి ఇంతవరకు ఒక్క లైను రాలేదంటే ఇది వివక్ష కాక ఇంకేంటి? వాళ్ళు బఫెల్ గ్రాస్ అంటారు, మన దగ్గర మెట్టల్లో మేతకి వేసే అంజన్ గడ్డే అది. నిజానికి అక్కడికి విత్తనం వెళ్ళింది ఆఫ్రికా నుంచి, కానీ మన రాజస్థాన్‌లో కూడా సహజంగా పెరిగే జాతే కాబట్టి మనోడే, డౌటే లేదు.

పోనీ దొంగచాటుగా వెళ్ళాడా అంటే అదీ కాదు, సర్కారే పిలిచింది. 1880లో అరిజోనాలోని టూసాన్ ఊరికి రైలొచ్చింది, దాంతోపాటు లక్షల్లో ఆవులొచ్చాయి, ఉన్న గడ్డంతా మేసేశాయి, 1890ల మొదట్లో కరువొస్తే సగానికి పైగా చచ్చాయి, నేల బోడిగా మిగిలింది. అది చూసి జాలిపడ్డ ఆఫీసర్లు 1930లు, 40ల్లో ఎంత మేసినా చావని గడ్డి కోసం ప్రపంచమంతా వెతికారు. ఆవుల్ని తగ్గిస్తే పోలా అని అడిగినోడికి ప్రమోషన్ వచ్చుండదు లెండి.

అసలు అరిజోనాలో ఉన్న ఆ సొనోరన్ ఎడారికి తగలబడ్డం రాదు. పొదకీ పొదకీ మధ్య ఉత్త మట్టే, పిడుగు పడ్డా నాలుగు పొదలు కాలి ఆరిపోద్ది. మనోడెళ్ళి ఆ ఖాళీలన్నీ నింపేశాడు, ఎండాక ఇంక మంటకి అడ్డేముంది. అక్కడ చెట్టంత ఎత్తు పెరిగే సాగ్వారో కాక్టస్‌కి చెయ్యిలా ఉండే మొదటి కొమ్మ మొలవడానికే 50 నుంచి 75 ఏళ్ళు పడుద్ది, మంట తగిలాక అది వెంటనే కూలదు కూడా, నిలబడే ఏళ్ళ తరబడి తీరిగ్గా చస్తుంది, దాన్లో వడ్రంగిపిట్ట తొలిచిన బొక్కల్లో కాపురముండే బుల్లి గుడ్లగూబ సంగతి ఎవడడిగాడు. మనోడు మాత్రం కాలిన దుబ్బులోంచే మళ్ళీ చిగురేస్తాడు.

అన్ని మంటలూ మనోడి ఖాతాలో వెయ్యడం కూడా అన్యాయమే. 2020 జూన్‌లో ఫీనిక్స్ పక్కనున్న మీసా దగ్గర ఒక బండి అంటుకుని మొదలైన, ‘బుష్ ఫైర్’ అని పేరు పెట్టిన మంట 1,93,000 ఎకరాలు కాల్చిందంటే అందులో పెద్ద వాటా మధ్యధరా నుంచొచ్చిన రెడ్ బ్రోమ్ లాంటి, ఏడాదిలోపే మొలిచి ఎండిపోయే గడ్డిది, ముందు చలికాలం వానలకి ఏపుగా పెరిగి వేసవికి ఎండి కూర్చుంది. అంటే ఎడారిలో మంచి వాన పడితే సంబరపడాలో ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యాలో తెలీని పరిస్థితి.

మనోడికి ఉన్న ఒకే భయం గడ్డకట్టే చలి. ఆ భయం పోగొట్టే పని క్లైమేట్ చేంజ్ చూసుకుంటోంది, చలికాలాలు వెచ్చబడేకొద్దీ వీడు కొండ పైపైకి ఎక్కుతున్నాడు.

ఇంత చేస్తే 2005లో అరిజోనా వాళ్ళు వీణ్ణి హానికర కలుపు అని ప్రకటించారు, ఇప్పుడు శని ఆదివారాలు జనం గడ్డపారలు పట్టుకుని పెకిలిస్తున్నారు, జీతం లేకుండా. సరిహద్దు దాటితే మెక్సికోలోని సొనోరాలో మాత్రం ఎడారి చెట్లు కొట్టేసి మరీ లక్షల ఎకరాల్లో వీణ్ణే వేశారు, ఆవులకోసమే. మర్యాద తెలిసినోళ్ళు.

ఫీనిక్స్ చుట్టుపక్కల మన అసోసియేషన్ల వాళ్ళు ఇకనైనా పూనుకుని శాలువా కప్పి సన్మానం చెయ్యాలి. కొండ దగ్గరే చేస్తే బావుంటుంది, కాకపోతే జూన్‌లో పెట్టుకుంటే జ్యోతి ప్రజ్వలన మాత్రం వద్దు.