చార్టు పేపర్ గారికి, మూడో తరగతి చదువుతున్న ఒక తల్లి రాయునది

మహారాజశ్రీ చార్టు పేపర్ గారి సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నుంచి, ఈ ఏడాది మూడో తరగతి చదువుతున్న ఒక తల్లి నమస్కరించి రాయునది ఏమనగా: మీరు స్టేషనరీ షాపులో గుండ్రంగా చుట్టుకుని, నడుముకి రబ్బరు బ్యాండు వేసుకుని, అట్టపెట్టెలో నిలబడి క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం కాదు. జూన్ 12న బడి తెరిచారు. దసరా సెలవులిచ్చేలోపు మా ఇంటికి పదకొండుసార్లు వచ్చారు మీరు. పక్క వీధిలో ఉన్న మా ఆడపడుచు కూడా అన్నిసార్లు రాలేదు.

‘మీరు’ అనడం ఇక్కడితో ఆపేస్తాను, ఏమీ అనుకోకు. పిల్లకి జ్వరం వచ్చినప్పుడు కూడా నేను ఇన్ని రాత్రులు మేలుకోలేదు. ఇంత చనువు వచ్చాక ఇంకా గౌరవాలేమిటి?

నీ రాక ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. కుక్కర్ మూడో విజిల్‌కి ఊపిరి కూడదీసుకుంటూ ఉంటుంది. క్లాసు వాట్సాప్ గ్రూపు మోగుతుంది. ‘డియర్ పేరెంట్స్’ అన్న రెండు ముక్కలు కనపడితే చాలు, మా ఆయన మిగతాది చదవకుండానే చెప్పులు వెతుక్కుంటాడు. రేపటికి ‘సేవ్ ట్రీస్’ మీద చార్టు. రేపటికి ‘గుడ్ హ్యాబిట్స్’ మీద చార్టు (అందులో ‘త్వరగా పడుకో’ అన్నది మేం రాత్రి పదకొండున్నరకి రాశాం). ఆఖర్న రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ వెంటనే తల్లులందరూ వరసగా ‘ఓకే మేడమ్’, ‘ఓకే మేడమ్’. ఎవరైనా ఒక్కరు ‘ఇప్పుడా మేడమ్?’ అంటారేమోనని నేను చూస్తూ ఉంటాను. వాళ్ళూ నాకోసం అలాగే చూస్తుంటారు కాబోలు. చివరికి నేనూ ‘ఓకే మేడమ్’ పెట్టేస్తాను.

బడి సందు మొదట్లో ఉన్న షాపాయనకి మాత్రం అన్నీ ముందే తెలుసు. మా ఆయన బండి ఆపీ ఆపకముందే, ‘మూడో తరగతేగా సార్, ఇదిగో’ అని నిన్నూ, స్కెచ్ పెన్నులూ, గమ్మూ, బొమ్మల షీటూ కలిపి చేతిలో పెడతాడు. సిలబస్ ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు గానీ పాఠ్య ప్రణాళిక మాత్రం ఆయన దగ్గరే ఉంది.

ఆ బొమ్మల షీటు గురించి నీకో మాట చెప్పాలి. స్వాతంత్ర్య దినోత్సవానికి తెచ్చాం, దేశ నాయకులది. గాంధీ గారు, నెహ్రూ గారు, అల్లూరి, పొట్టి శ్రీరాములు గారు, అందరూ అగ్గిపెట్టె అంత గళ్ళల్లో. కత్తిరిస్తూ ఒకటి తిప్పి చూశాను. ప్రతి బొమ్మ వెనకా నాలుగు లైన్లున్నాయి: ఎప్పుడు పుట్టారు, ఏం చేశారు, ఎప్పుడు పోయారు. అంటే వెనక ఉన్నది చదవడానికి, ముందున్నది అతికించడానికి. మా పిల్ల శ్రీరాములు గారి వెనక వైపు పట్టుకుని, ‘అమ్మా, ఈయన యాభై ఎనిమిది రోజులు అన్నం తినలేదంట, నిజమేనా?’ అంది. నేను గమ్ము పూస్తూ, ‘తర్వాత చెప్తాగా, ముందు బొమ్మ ఇటివ్వు, ఆరిపోతోంది’ అన్నాను. ఆ నాలుగు లైన్లూ గమ్ములో కలిసిపోయాయి. చార్టు బాగా కుదిరిందన్నారు.

నీ పుట్టుపూర్వోత్తరాలు కాస్త తిరగేశాను, ఎంత పెద్ద కుటుంబం నుంచి వచ్చావో చూద్దామని. ప్రాజెక్టు పద్ధతి అని మీ తాతగారొకరు అమెరికాలో ఉండేవారు. 1918లో కిల్‌పాట్రిక్ అనే పంతులుగారు దాని మీద ఒక వ్యాసం రాశారు. పిల్లలు మనసు పెట్టి, తమకంటూ ఒక ఉద్దేశం పెట్టుకుని చేసే పనిలోంచి చదువు రావాలని ఆయన వాదన. మన దగ్గర 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది, బడి చదువుని బడి బయటి బతుకుతో కలపమంది. 2009 విద్యా హక్కు చట్టం ఇంకా ముందుకెళ్ళింది. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని, వాళ్ళకి భయమూ ఆందోళనా లేకుండా చూడాలని 29వ సెక్షన్‌లో రాసిపెట్టారు. చట్టం అక్షరాలా అమలవుతోంది. మా పిల్లకి ఏ ఆందోళనా లేదు, తొమ్మిదింటికే నిద్రపోతుంది. తల్లుల టెన్షన్ సంగతి ఏ సెక్షన్‌లోనూ లేదు.

2018లో కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ వద్దని, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల బ్యాగు రెండు మూడు కిలోలకి మించకూడదని. నువ్వు దొంగవి. నిన్ను ‘హోంవర్క్’ అనరు, ‘యాక్టివిటీ’ అంటారు. పైగా కాగితానివి, తూకానికి అందవు. బ్యాగులో పట్టవు కాబట్టి బ్యాగు లెక్కలోకీ రావు. మా ఆయన బండి మీద, పిల్ల ఒళ్ళో, జులై వాన గాల్లో, పాలిథిన్ కవరు తొడుక్కుని రాజాలా వెళ్తావు. ‘సే నో టు ప్లాస్టిక్’ చార్టు కూడా ఆ కవర్లోనే వెళ్ళింది. అంతకు ముందు లామినేషన్ కూడా చేయించాం.

ఇక సౌర కుటుంబం. అది నువ్వొక్కడివే చేసిన పాపం కాదు, మీ తమ్ముడు థర్మాకోల్ కూడా ఉన్నాడు.

నల్ల చార్టు మీద థర్మాకోల్ బంతులు అతికించాలి, రంగులు వేయాలి. ఎన్ని బంతులు తేవాలన్న దగ్గరే ఇంట్లో మూడు వర్గాలయ్యాయి. నేను చదివినప్పుడు గ్రహాలు తొమ్మిది, కాబట్టి తొమ్మిది బంతులు తెమ్మన్నాను. మా పిల్ల పుస్తకం తెరిచి ఎనిమిదే అంది. 2006లో శాస్త్రవేత్తలు ప్రాగ్‌లో కూర్చుని ప్లూటోని పెద్ద గ్రహాల్లోంచి తీసేశారు, నా బడి అప్పటికే అయిపోయింది, నాకెవరు చెప్తారు? మా అత్తయ్య పూజ గదిలోంచే, ‘తొమ్మిదే. గుళ్ళో ఉన్నాయి కదా, చుట్టూ తిరుగుతూ లెక్కపెట్టుకో’ అన్నారు. ఆవిడ తొమ్మిదిలో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, రాహుకేతువులున్నారు, భూమి లేదు. పిల్లకి ఇది భలే నచ్చింది. ‘నానమ్మ లెక్కలో మనం ఎందుకు లేం?’ అని మొదలుపెట్టింది. మనం భూమి మీద నిలబడి చూస్తున్నాం కదా, అందుకని... అని నేను చెప్పబోయాను. మంచి ప్రశ్న. ఆ రాత్రి మొత్తంలో అదొక్కటే చదువు. కానీ టైము తొమ్మిదీ పది, రంగు ఆరాలి. ‘నువ్వెళ్ళి పడుకో’ అన్నాను.

బ్రష్‌తో అయితే ఆలస్యమని మా ఆయన తెలివిగా స్ప్రే పెయింట్ తెచ్చాడు, ఎప్పుడో గేటుకి కొట్టగా మిగిలింది. అన్నిటికంటే పెద్ద బంతి గురుడు. బాల్కనీలో న్యూస్ పేపర్ పరిచి, దాని మీద ఒక్క పట్టు కొట్టాడు. ముందు చిన్న చిన్న గుంటలు పడ్డాయి, చల్ల మీద చినుకులు పడ్డట్టు. తర్వాత గుంటలు కలిసిపోయాయి. సన్నగా చిటచిటమని చప్పుడు. నిద్రపోవాల్సిన పిల్ల తలుపు దగ్గర నిలబడి, ‘నాన్నా, గురుడు కరిగిపోతున్నాడు’ అంది. ఆ పెయింట్‌లో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుందని మాకు ఆ పూటే తెలిసింది. భూమికి పదకొండు రెట్ల వ్యాసం ఉన్నవాడు రెండు నిమిషాల్లో నిమ్మకాయంత అయ్యాడు. అత్తయ్య నిట్టూర్చి, ‘మనకి ఈ ఏడాది గురుబలం లేదని పంతులు గారు చెప్పనే చెప్పారు’ అన్నారు.

శనికి వలయం కావాలి. ఇంట్లో ఆ సైజుకి సరిపోయేది అత్తయ్య పాత ప్లాస్టిక్ గాజు ఒక్కటే. అడిగాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ‘ఊళ్ళో అందరూ శనిని వదిలించుకోడానికి నువ్వుల నూనె పోస్తుంటే, నువ్వు నా గాజు తొడుగుతానంటావా?’ అన్నారు. చివరికి పెళ్ళి సీడీ ఒకటి బలి ఇచ్చాం. మాది కాదులే, తోడికోడలి తమ్ముడిది.

ఆ చార్టుకి స్టార్ వచ్చింది. దాని ఫొటో నేను స్టేటస్‌లో పెట్టుకున్నాను కూడా, దాచడమెందుకు? ‘మా పాప చేసింది’ అని రాసి, గుండె బొమ్మ పెట్టాను. పేరెంట్స్ మీటింగ్‌లో మేడమ్ ముచ్చటపడి, ‘ఇదంతా నువ్వే చేశావా తల్లీ?’ అని పిల్లనడిగారు. ‘కాదు మేడమ్, మా అమ్మ చేసింది. కరెంటు పోయినప్పుడు నేను టార్చి లైటు పట్టుకున్నాను’ అంది. నాకు బెంచీ కిందికి దూరాలనిపించింది. మేడమ్ నవ్వేశారు. బయటికొస్తుంటే గేటు దగ్గర మెల్లగా, ‘ఏం చేయమంటారండీ, శనివారం కల్లా గోడ నిండాలి. ఫొటోలు తీసి పైకి పంపాలి. నాకూ ఇంట్లో రెండో తరగతి వాడున్నాడు, వాడి చార్టు నేనే చేస్తున్నా’ అన్నారు. ఆ తర్వాత ఆవిడ మీద కోపం పెట్టుకోలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం నీకు రాస్తున్నాను.

ఆగస్టు 29 సంగతి కూడా చెప్పేస్తే ఒక పనైపోతుంది. తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులు గారి చార్టు మీద ఆయన ఫొటో, చుట్టూ మామిడాకుల బోర్డరు. పిల్లలు పట్టు పరికిణీల్లో, పంచెల్లో రావాలన్నారు. రెండు నిమిషాల ప్రసంగం బడివాళ్ళే పంపారు. ‘ఆంధ్ర వాఙ్మయ వినీలాకాశమున’ అని మొదలైంది. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని జన్మంతా పోట్లాడినాయన మీద, జన్మలో ఎవరూ మాట్లాడని తెలుగు. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, పిల్లలకి చదవడం తేలికని. ‘వినీలాకాశం’ దగ్గర మా పిల్ల నాలిక మూడుసార్లు మడతపడింది. ‘నీలం ఆకాశం అంటే కాదా అమ్మా?’ అనడిగింది. పంతులు గారుంటే దానికి వంద మార్కులు వేసేవారు.

నీ జాతి మొత్తాన్నీ ఆడిపోసుకుంటున్నాననుకోకు. మా పిన్ని పల్నాడులో ఒక ఊళ్ళో సర్కారు బడి టీచరు. మొన్న వాళ్ళ ఊరెళ్ళినప్పుడు బడి గోడ మీద మీ చుట్టాన్ని చూశాను. చార్టు కూడా కాదు, బట్టల కొట్టువాళ్ళిచ్చిన పాత క్యాలెండరు వెనక వైపు. తెలుగు వాచకంలో పాఠం చివర ‘ప్రాజెక్టు పని’ అని ఉంటుంది చూశావూ, సేకరించండి, పట్టిక రాయండి, ప్రదర్శించండి అని, అదన్నమాట. పిన్ని పిల్లల్ని వీధుల వారీగా పంచి, చెట్లు లెక్కపెట్టి రమ్మంది. పెన్సిలు గీతలు వంకరటింకరగా ఉన్నాయి. వేప 17, కానుగ 6, కొబ్బరి 9, మునగ ‘విరిగినవి కలిపి 4’. అడుగున వేరే చేతిరాతలో ఒక లైను: ‘రోడ్డు వేసేటప్పుడు కొట్టేసిన రావి చెట్టు 1’. లేని చెట్టుని కూడా లెక్కేశాడు ఎవడో. ఎవడ్రా అనడిగితే మూడో తరగతి పిల్లాడొకడు ముందుకొచ్చాడు. వాళ్ళ తాత ఆ చెట్టు కింద కూర్చునేవాడట. దానికి బోర్డరు లేదు, మెరుపు పొడి లేదు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఇంటికొచ్చాక బీరువా వెనక చెయ్యి పెట్టి ఒక చార్టు తీశాను. జూన్‌లో నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు ‘మై ఫ్యామిలీ’ అని మా పిల్ల సొంతంగా గీసింది. నానమ్మ కాగితం నిండా ఉంటుంది. నాన్న చెయ్యి ఉండాల్సిన చోట ఫోను ఉంది. నేను ఒక మూల, గుమ్మం దగ్గర, భుజాన బ్యాగుతో, అందరికంటే చిన్నగా. అప్పుడు అది బడికి పంపడానికి బాగోదని పక్కన పడేసి, ఫొటోలు ప్రింట్ తీయించి వేరేది చేశాను. అందులో నేను మధ్యలో, పట్టు చీరలో ఉన్నాను. దానికీ స్టార్ వచ్చింది.

నిన్ననే సెలవులయ్యాయి, ఇవాళ బడి తెరిచారు. ఇది రాస్తుండగానే గ్రూపు మోగింది. అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలట, సెలవుల్లో పడి జరగలేదు కాబట్టి రేపు చేస్తారట. అడవి మీద చార్టు. మా ఆయన షాపు మూసే వేళకి అందుకున్నాడు గానీ, ఆకుపచ్చవి అయిపోయాయట. గులాబీ రంగు నిన్ను తీసుకొచ్చాడు. గులాబీ రంగు అడవి ఎక్కడైనా ఉంటుందా అని నేను తల పట్టుకుంటే, మా పిల్ల నిన్ను నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు కందిపప్పు డబ్బాలు పెట్టి, ‘సాయంత్రం పూట అడవి అమ్మా’ అంది.

కత్తెర, గమ్ము నా దగ్గర పెట్టుకున్నాను. స్కెచ్ పెన్నుల డబ్బా దానికిచ్చాను. ఇప్పటికి ఏనుగు ఒకటి వచ్చింది, ఐదు కాళ్ళతో. ఐదోది తోకట.

స్టార్ రాకపోతే పూచీ నీదే.

ఇట్లు,
రోల్ నంబరు 23 తల్లి