బ్రాకెట్లో ఉన్నాక నమ్మాలి

ఈమధ్య కుర్రాళ్లకు ఒక దురలవాటు పట్టుకుంది. టెర్మినల్‌లో కాస్త తేడా కనిపిస్తే చాలు, 'విచ్ పైథాన్' అని కొట్టి, నడుస్తున్నది ఏ పైథానో ఆరా తీస్తున్నారు. ఇది పద్ధతి కాదు. ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లో 'వెన్వ్' అని ఉందంటే మనం వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఆ ప్రాజెక్టుకే విడిగా కట్టుకున్న పైథాన్ ఇంట్లో ఉన్నట్టే. ఆపైన సోదా చేయడమంటే పెద్దమనిషిని నిలబెట్టి జేబులు తడమడమే.

నేను పాతకాలం వాణ్ణి. మొన్న నా ప్రోగ్రాం 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అంది. ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ కొడితే 'రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్' అని వచ్చింది. ప్రోగ్రాం నడిపాను, లేదంది. పిప్‌ని అడిగాను, ఉందంది. టెర్మినల్ మూసి తెరిచి అడిగాను. మెషీన్ రీస్టార్ట్ చేసి అడిగాను. ఏడుసార్లు చేస్తే ఏడుసార్లూ ఒకటే ఫలితం. సైన్సులో ఇంతకంటే గట్టి ప్రయోగం ఏముంటుంది?

వెనక నుంచి చూస్తున్న కొత్తమ్మాయి "సార్, ఫోల్డర్ పేరేమైనా మార్చారా?" అంది. మార్చాను. 'ప్రాజెక్ట్'ని 'ప్రాజెక్ట్ ఫైనల్' చేశాను. పని అయిపోవచ్చిందని నలుగురికీ తెలియొద్దూ!

అక్కడే వచ్చిందట చిక్కు. వెన్వ్ పుట్టిన రోజే తన పూర్తి అడ్రసు, తనని ఆన్ చేసే యాక్టివేట్ ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. ఫోల్డర్ పేరు మారినా ఆ పాత అడ్రసునే తెచ్చి పాత్‌లో, అంటే ప్రోగ్రాంలను వెతకాల్సిన చోట్ల జాబితాలో, ముందు తగిలిస్తుంది. మన కమాండ్లు అందుకునే షెల్ అక్కడికి వెళ్తుంది, ఇల్లే ఉండదు. అరవదు, గొడవ చేయదు, మెల్లగా పక్కింటికి పోతుంది. అక్కడ సిస్టమ్ పైథాన్ ఉంటుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బ్రాకెట్లో పేరు మాత్రం దర్జాగా నిలబడి ఉంటుంది, అది ప్రాంప్ట్‌కి అతికించిన చీటీ కాబట్టి.

ఇక నా పిప్పు: ఎప్పుడో హోం ఫోల్డర్లో వేసుకున్న పైథాన్ 3.11 తాలూకుది. పలికిన సిస్టమ్ పైథానేమో 3.12. ఎవరింటి సంగతి వాళ్లు నిజమే చెప్పారు. ఇద్దరినీ అబద్ధాలకోర్లని తిట్టుకున్నది నేనొక్కణ్ణే.

వెన్వ్ 2012లో పైథాన్ 3.3తో వచ్చింది. దాన్ని కదిలించొద్దు, ఇంకోచోట కావాలంటే కొత్తది చేసుకోండి అని డాక్యుమెంటేషన్‌లో ఉందట. డాక్యుమెంటేషన్ చదివి పనిచేసేట్టయితే ఇక నా అనుభవం దేనికి?

ఆ అమ్మాయి పాతది చెరిపేసి కొత్త వెన్వ్ చేసింది. 'పైథాన్ మైనస్ ఎం పిప్' అని ఇన్‌స్టాల్ చేసింది. అలా పిలిస్తే ఏ పైథాన్ పలికిందో దాని పిప్పే వస్తుందట. రెండు నిమిషాల్లో ప్రోగ్రాం నడిచింది. నా ఏడు ప్రయోగాల ప్రస్తావనే రాలేదు.

పోతూ పోతూ స్క్రీన్ పైకి జరిపి పిప్ జవాబు మీద వేలు పెట్టింది. 'శాటిస్‌ఫైడ్' తర్వాత, అదే వరసలో, ప్యాకేజీ ఏ ఫోల్డర్లో ఉందో 3.11తో సహా రాసి ఉంది. ఏడుసార్లూ రాసే ఉంటుంది. 'శాటిస్‌ఫైడ్' అన్నాక ఇంకా ముందుకు చదవడం నాకు అలవాటు లేదు.