సీసాద్రి

తిరుమలకు ఏడు కొండలే ఉన్నాయని లోకమంతా నమ్ముతోంది. ఈ లెక్క సవరించక తప్పదు. ఎనిమిదోది తిరుపతి కొర్లగుంటలో, మా మేడ మీద గదిలో, ఇనుప బీరువా అడుగు అరలో వెలిసింది. పేరు సీసాద్రి. రంగులు వేద్దామని కొని, వేయకుండా దాచిన లోహపు సైనికుల గుట్ట అది. ఒక్కొక్కడి ఎత్తు 28 మిల్లీమీటర్లు. ఆ 28 అరికాలి నుంచి కంటిదాకానా, నడినెత్తిదాకానా అన్న సంగతిలో వాటిని తయారు చేసేవాళ్ళే ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఇప్పటి బొమ్మల్లో సీసం కంటే తగరమే ఎక్కువ అని గిట్టనివాళ్ళు అంటారు. స్థలపురాణం రాసేటప్పుడు అలాంటి మాటలు పట్టించుకోకూడదు.

మిగతా ఏడు కొండలకూ దీనికీ ఒకటే తేడా. అవి పెరగవు.

ఆ బొమ్మలతో నేను తలపెట్టింది పొల్లిలూరు యుద్ధం. 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర హైదరాలీ, ఆయన కొడుకు టిప్పు కలిసి ఈస్టిండియా కంపెనీ కల్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టిన యుద్ధం. ఆ హైదరాలీ 1782 డిసెంబరు 7న మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూశాడు. కాబట్టి ఆయన సైన్యానికి బొత్తాలు దిద్దే బాధ్యత చిత్తూరు జిల్లా వాళ్ళదేనని నా వాదన. 2022లో జిల్లా విడిపోయాక ఆ బాధ్యత తిరుపతికి వచ్చిందా, చిత్తూరులోనే ఉండిపోయిందా అన్నది అధికారులు తేల్చాలి. తేలేదాకా నేనే మోస్తున్నాను.

నైపుణ్యం పెంచుకోవడానికి మొదట అందరూ చేసే పనే చేశాను. కొన్నాను. ఏడాదిన్నర పాటు నైపుణ్యాన్ని పార్సిళ్ళలో తెప్పించుకున్నాను. బొమ్మ చిన్నది కనుక బ్రష్ ఇంకా చిన్నదిగా ఉండాలని మూడు సున్నాల బ్రష్ తెప్పించాను. దాని మొన మీద నిలిచేది ఒక చుక్క. మే నెల తిరుపతిలో ఆ చుక్క పళ్ళెం దగ్గర బయలుదేరి సిపాయి టోపీ చేరేలోపే ఎండిపోతుంది. కావలసింది కాస్త పొట్ట ఉండి, మొన మాత్రం సూదిలా నిలిచే ఒకటో నంబరు బ్రష్ అట. పొట్ట ఉండటం తప్పు కాదని నాతో అన్న మొదటి విద్య ఇదే. రంగు ఆరకుండా ఉండటానికి తడి పళ్ళెం వాడాలన్నారు. పాత మిఠాయి డబ్బాలో గిన్నెలు తోమే స్పాంజి తడిపి పరిచి, దాని మీద బేకరీ బటర్ పేపర్ వేస్తే చాలు. నేను అది తెలియక ముందే ఒకటి కొన్నాను. సీసాద్రి శిఖరం అదే.

బెయిలీ సిపాయిల ఎర్రకోటు దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. ఎరుపు పైకి ఎంత గట్టిగా కనిపిస్తుందో, కింద రంగును కప్పడంలో అంత బలహీనం. చిక్కగా పూస్తే మడతలు, బొత్తాలు అన్నీ పూడిపోయి సిపాయి జ్వరమొచ్చి దుప్పటి కప్పుకున్నట్టు ఉంటాడు. పాలంత పలచగా రెండు మూడు పూతలు వేయాలి. వెలుగు పడే చోట తెలుపు కలిపానా, కోటు కాస్తా రోజ్ మిల్క్ అయిపోయింది. ఒక పటాలం మొత్తం రోజ్ మిల్క్‌తో యుద్ధానికి తయారైంది. ఎరుపుకు వెలుగు నారింజ రంగులో ఉంటుందనీ, నీడ ముదురు గోధుమ రంగులో ఉంటుందనీ అప్పటికి నాకెవరూ చెప్పలేదు. చెప్పిన వీడియోలు నలభై చూశాను, అది వేరే సంగతి.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక పెద్దాయనకు నా సైన్యాన్ని చూపించాను. గోటితో గీకితే బెయిలీ ముఖం పెచ్చులా ఊడి ఆయన వేలికి అంటుకుంది.

"ఏం సామీ, కడగకుండా, కింద పూత లేకుండా రంగేసినావా? మేము గుడ్డకు కరక్కాయా ఎనుముపాలూ పట్టించకుండా కలం పెట్టం. పెడితే రంగు ఊరంతా తిరుగుతుంది."

ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి మురగబెట్టి నలుపు తీసే మనిషి ఆయన. కింద పూతకని నేను కొని దాచిన ప్రైమర్ డబ్బా వైపు జాలిగా చూశాడు. వారాంతంలో యుద్ధం ముగించాలి, టెన్షన్‌గా ఉందన్నాను.

"తొందర ఎవురికి సామీ? అది అయిపొయ్యి రెండొందల ఏండ్లు దాటె గదా!"

చరిత్ర బొమ్మలకు ఇంకో గ్రహపీడ ఉంది. బొత్తాల పండితుడు. మాకూ ఒకాయన ఉన్నాడు. బ్రష్ పట్టడు. కాఫీ తాగుతూ, ఈ పటాలానికి కాలరూ చేతి మడతలూ ఈ రంగులో ఉండవంటాడు. నేను శ్రీరంగపట్నంలో టిప్పు మహలు దరియా దౌలత్ గోడ చూపిస్తాను. టిప్పు తన గెలుపును అక్కడ బొమ్మ వేయించాడు. పల్లకీలో బెయిలీ, చుట్టూ అతని దళం. గెలిచినవాడు గోడ మీద తనకు కావలసినట్టు వేయించుకుంటాడు, అదే తర్వాత ఆధారం అవుతుంది. ఇంకో రెండు వందల ఏళ్ళకు ఎవడో మన నాయకుల బొమ్మలు చేయబోయి తిరుపతి ఫ్లెక్సీలు తిరగేస్తాడు. ఆ కాలంలో ఎవరికీ ముడతలు లేవనీ, అందరూ చేతులు జోడించి మేఘాల మీద నిలబడేవారనీ రాసుకుంటాడు. వాడి పక్కన కూడా ఒక పండితుడు కూర్చుని, మేఘం రంగు తప్పంటాడు.

నా పతనం దసరాకు జరిగింది. రెండు నెలలు భూతద్దం కింద కూర్చుని ఇరవై నాలుగు మందికి కళ్ళు దిద్దాను. తెల్లగుడ్డు, నల్లపాప, ఒకడికి నిద్ర చాలని ఎర్రజీర కూడా. అమ్మ వాళ్ళను కొలువులో కింది మెట్టు మీద, చెట్టియార్ దంపతుల అంగడి ముందు నిలబెట్టింది. పేరంటానికి వచ్చిన పక్కింటావిడ మూడడుగుల దూరం నుంచే చూసి అంది:

"ఏమక్కా, కొలువు కింద చీమలు పట్టినాయే. మందు చల్లకూడదా?"

నలభై వీడియోలు చెప్పలేనిది ఆ పేరంటాలు చెప్పింది. అంగుళం మనిషి మీద పడే వెలుతురు వాడి మడతల్లో మనకు కనపడేంత నీడ వేయదు. ఆ నీడ మనమే వేయాలి. గుంటల్లో పలచటి ముదురు రంగు పారించాలి, భుజాల మీదా మోకాళ్ళ మీదా అసలు కంటే ఎక్కువ వెలుగు పెట్టాలి. ముక్కు దగ్గర చూస్తే అబద్ధంలా ఉండాలి, చేతి దూరంలో చూస్తే మనిషిలా ఉండాలి. కంటికైతే గుంటలో నీడ చాలు. కనుపాప పెట్టామా, దూరానికి ప్రతివాడూ దెయ్యాన్ని చూసినట్టు ఉంటాడు.

ఆ తర్వాతి ఏడాది కొనుగోళ్ళు ఆపాను. దాదాపు ఆపాను. తిరుమల గుడి వంటశాల పోటులో లడ్డూలు పట్టినట్టు పదిమందిని వరసగా నిలబెట్టి, అందరికీ ఎరుపు, అందరికీ తోలుపట్టీ, అందరికీ నీడ. మొదటి పదిమందిని ఇప్పటికీ వెనక వరసలో దాస్తాను. అరవై మంది పూర్తయ్యారు. కళ్ళు ఎవరికీ పెట్టలేదు.

ఈ దసరాకు అమ్మ వాళ్ళను రెండు మెట్లు పైకి ఎక్కించింది. పక్కింటావిడ గుమ్మంలోంచే, "సిపాయిలు వచ్చినారే!" అంది. నేను మేడ మెట్ల మీద నిలబడి ఆ మాట రెండోసారి కూడా విన్నాను. అమ్మ ఒకణ్ణి చేతిలోకి తీసుకుంది. కళ్ళజోడు పైకి జరిపి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఇటూ అటూ తిప్పింది.

"బాగుండారు గానీ అబ్బోడా, అందరినీ గుడ్డోళ్ళనే ఏరి యుద్ధానికి పంపినావేంరా?"