గోదావరికి గోడ కడతారట

అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున కట్టిన విహారపథం రంగుల బొమ్మ పెట్టి, "సబర్మతిని చూసి నేర్చుకోండి" అన్న సందేశం ఈ మధ్య నాకు పంపని బంధువు లేడు. పెళ్ళి పిలుపుల కోసం పెట్టుకున్న గ్రూపులోనూ అదే. రాజమహేంద్రవరంలో గోదావరి లోపలికి కాంక్రీటు గోడ కట్టి, వెనుక మట్టి నింపి, పైన విహారపథం వేస్తే వరద భయం తీరిపోతుందట, ఏడాది పొడవునా నీళ్ళు నిలుస్తాయట. ఏటి ఒడ్డున నీడలో నడిచే దారి కావాలని నాకూ ఉంది. కోపమంతా అందుకే.

ముందు నీళ్ళ సంగతి. పుష్కరఘాట్ దగ్గర నడివేసవిలోనూ నీళ్ళుంటాయి. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట, దాని తరవాత వచ్చిన బ్యారేజీ చేస్తున్న పని అదే కదా! సబర్మతిలో మెరిసేవి నర్మద కాలువ నుంచి తెచ్చి, వాస్నా బ్యారేజీతో ఆపిన నీళ్ళు. మన పెరట్లో ఉన్న వస్తువును మనకే అమ్మజూపుతున్నారు.

పర్యాటకులు వస్తారట. రానివ్వండి.

జాలర్ల వలలూ పడవలూ అందం చెడగొడుతున్నాయి కాబట్టి వాళ్ళను పంపించేయాలట. మంచిది. ఎర్రనీరు తగలగానే "ఒక్క పులస దొరుకుతుందా" అని ఇదే పెద్దమనుషులు ఫోన్లు చేస్తారు. అప్పుడు విహారపథాన్ని అడగమనండి.

ఇక గోడ. అహ్మదాబాద్‌లో నదిని దాదాపు 263 మీటర్ల వెడల్పుకు సరిచేసి, సుమారు 4.7 లక్షల క్యూసెక్కులు పోయేలా కట్టారు. మన దగ్గర ఒక్క ఆర్చి వంతెనే 2.7 కిలోమీటర్లు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షలు. ఊరిని కాయడానికి గట్టు ఉండనే ఉంది. దాని ముందు, నది కడుపులో ఇంకో గోడ లేపితే ఆ మేర నీళ్ళు ఎక్కడికి పోవాలి? మట్టం పెరగాలి, లేదా అవతలి ఒడ్డున కొవ్వూరు వైపు ఒత్తాలి, లేదా లంకల మీద పడాలి. సందేశం రాసినవారికి ఆ లంకలు "ఖాళీ ఇసుక మేటలు". బ్రిడ్జిలంక, కేతావారిలంక జనం వరద వచ్చినప్పుడల్లా సామాన్లు మూట కట్టుకుని పడవలెక్కేది ఆ ఖాళీ మేటల నుంచే మరి! మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక కోనసీమలో ఏటిగట్ల మీద ఇసుక బస్తాలతో రాత్రంతా కాపలా కాసేవాళ్ళకు ఈ రంగుల బొమ్మ చూపించి రండి. క్షేమంగా తిరిగొస్తే మిగతా అంశాలు మాట్లాడుకుందాం.

సింగపూర్‌లో కలాంగ్ నదికి కట్టిన కాంక్రీటు కాలువను బిషాన్ పార్కు దగ్గర పగలగొట్టి, 2012 నాటికి మళ్ళీ పచ్చిక ఒడ్డులు చేశారు. వాన పడితే పార్కు కొంత మునుగుతుంది. నీళ్ళు తీశాక జనం మళ్ళీ నడుస్తారు. మునిగినా పాడవని దారి కావాలి మనకు. ఉన్న గట్టు మీదే వేయవచ్చు.

గట్టు మీద పెద్ద చెట్లు వద్దని కూడా ఆ సందేశంలో అన్నారు. అది మాత్రం నిజం. వేళ్ళు కుళ్ళితే ఆ సందుల్లోంచే నీళ్ళు దారి చేసుకుంటాయి. వాలు మీద గడ్డి చాలు. చెట్లు గట్టు దిగి, ఊరి వైపు పెంచుకోవచ్చు. దీనికోసం ఉన్న రావిచెట్లన్నీ నరకాలని మాత్రం ఎవరూ అనలేదు.

అహ్మదాబాద్ నుంచి తెచ్చుకోదగినది ఇంకొకటి ఉంది. అక్కడ రెండు ఒడ్డుల వెంట పెద్ద పైపులు వేసి, నదిలో పడే మురుగును శుద్ధి కేంద్రాలకు మళ్ళించారు. నగరం దాటాక సబర్మతి ఎలా ఉంటుందన్నది వేరే కథ, అయినా ఆ పని చేశారు. ఇక్కడ ఊరి మురుగు మోసే నల్లా ఛానల్ నేరుగా గోదావరిలో కలుస్తోంది. 2027లో పుష్కరాలు. ఆ పైపుల బొమ్మ ఎవరైనా పంపితే నేనే పదిమందికి పంపుతాను.